ఉప్పు తక్కువైన సర్వపిండి

మా ఆయన చనిపోయిన ఏడాదే, ఇంట్లో బియ్యప్పిండితో సర్వపిండి కాల్చి అమ్ముదామనుకున్నాను. చిన్న వ్యాపారాలు పెట్టేవాళ్లకు సలహాలిచ్చే కేంద్రం ఆబిడ్స్‌లో ఉందంటే వెళ్లాను. అక్కడి మేడమ్, "ముందుగాల మీకు తెల్వని పదిమందికి తినిపియ్యండ్రి. ఏమన్నరో రాసుకొని రాండ్రి" అంది.

మర్నాడు నాంపల్లి స్టేషన్‌లో డబ్బా ఒళ్లో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. నెలల తరబడి ఎవరితోనూ సరిగా మాట్లాడనిదాన్ని, ఎవరినని పలకరించను?

చివరికి పక్కన కూర్చున్న పెద్దావిడే, "మంచి వాసనొస్తున్నది, ఏందమ్మా అది?" అని అడిగింది. మూత తీసి ఇచ్చాను. ఒక ముక్క తుంచుకుని నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువైంది బిడ్డా. ఒక్కదానివే ఉంటవా?"

ఉలిక్కిపడ్డాను. "ఔ. మీకెట్ల తెల్సు?"

"ఒక్కలమే తినేటప్పుడు రుచి సూసుకోం గద. నేను గూడ గంతే."

ఇంకొకటి తీసుకోమన్నాను. దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంటూ, "ఇయ్యాల ఇగ పొయ్యి ముట్టియ్యను" అని నవ్వింది. రైలు రాగానే నా భుజం తట్టి వెళ్లిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

ఆ రైలు కదిలాక లేచి, ఎదురు బెంచీ మీద ఉన్నవాళ్ల దగ్గరికి డబ్బా పట్టుకెళ్లాను. "జర తిని చెప్తరా?" అని అడిగాను. తర్వాత ఇంకో బెంచీ, ఆ తర్వాత ఇంకొకటి. ఇంటికి వెళ్లేసరికి నా గొంతు బొంగురుపోయింది.