విండోస్ ఇంట్లో పెంగ్విన్ కాపురం

ఆ ఏడాది ఫొటోలన్నిటిలోనూ నేను గుండుతోనే ఉంటాను. చూసినవాళ్లు భక్తి అనుకుంటారు. భక్తి కాదండీ, భయం. ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములు పెట్టి, పలమనేరులో ఒక పెళ్లిని చెడగొట్టబోయిన ఘనత నాది.

అప్పట్లో తిరుపతి బస్టాండు దగ్గర మునిరత్నమన్న డీటీపీ సెంటర్లో శుభలేఖలు కొట్టేవాణ్ని. ఎనిమిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినా, నా జుట్టు మాత్రం డిగ్రీ పాసైనంత దర్జాగా భుజాలమీద ఊగేది. ఒక కంప్యూటరు పత్రికతో సీడీ ఉచితంగా వచ్చింది. విండోస్ పక్కనే లినక్స్ కూడా కాపురం పెట్టొచ్చని రాశారు. పొద్దున్నే, అన్న రాకముందే సీడీ వేశాను. అది ఇంగ్లీషులో ఏదేదో అడిగింది. అత్తగారింట్లో కొత్తల్లుడిలా అన్నిటికీ ‘ఎస్’ అన్నాను.

మళ్లీ ఆన్ చేస్తే విండోస్ లేదు! నల్లటి తెర, మూలన లినక్స్ గుర్తుగా ఒక పెంగ్విన్. సరిగ్గా అప్పుడే అన్న వచ్చాడు, వెనకే పలమనేరు పెద్దాయన. పది రోజుల్లో ఆయన కూతురి పెళ్లి. కార్డులో నలుగురు పెదనాన్నల పేర్ల వరుస కోసం మూడుసార్లు కొట్లాడుకుని, నిన్ననే ఖాయం చేశారు. రాసిచ్చిన కాగితం చించేశాం. మిగిలింది విండోస్‌లోని ఫైలొక్కటే.

“ఏందిరా చెంగా, ఈ కోడి?” అన్నాడు అన్న.

“కోడి కాదన్నా, పెంగ్విను.”

“ఏదైతే నాకేంది! కార్డు యాడరా?”

“లోపలే ఉండాదన్నా... ఉండాదనే అనుకుంటా ఉండా.”

“పోయిందంటే నిన్ను ఈడనే పాతిపెడతా సూడు!”

పెద్దాయన నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. “మా అన్నదమ్ములు మళ్లా ఒకసోట కూసోరు నాయనా. పెండ్లి ఆగిపోతాది.”

ఆపి, ఆన్ చేసి, కళ్లు మూసుకుని “గోవిందా!” అన్నాను. అన్న కూడా కళ్లు మూసుకుని దండం పెట్టాడు. తెరిస్తే పెంగ్విన్. మూడుసార్లు అదే తంతు, అదే పెంగ్విన్. నాలుగోసారి చెమటలు కక్కుతూ లోలోపల మొక్కేశాను: ‘స్వామీ, కార్డు దొరికితే కొండకు నడిచొచ్చి జుట్టిస్తా.’

పెద్దాయన దగ్గాడు. “ఏమప్పా, మీరు కండ్లు మూసినప్పుడల్లా తెరమీద రెండు పేర్లు వస్తా ఉండాయి. మీరు పలక్కపోయేసరికి పైదే దూరిపోతా ఉండాది. కింద దాన్ని పిలిసి సూడగూడదా?”

ఐదోసారి కళ్లు తెరిచే ఉంచాను. నిజమే! కింది బాణం నొక్కాను. విండోస్ వచ్చింది, కార్డు వచ్చింది, నలుగురు పెదనాన్నలూ వరుస తప్పకుండా వచ్చారు.

“అన్నా, ఫైలు యాడికీ పోలేదు కదా. మరి నా మొక్కు చెల్లదేమో?”

“నువ్వూ మొక్కినావా?”

“నువ్వూ అంటే?”

“నేను గూడా మొక్కినా లేరా. మావోడి జుట్టు ఇప్పిస్తా సామీ అని.”

“నా జుట్టా! నీది మొక్కొచ్చు కదన్నా!”

“నాకు యాడుందిరా?” అంటూ టోపీ తీశాడు. నిజంగానే అక్కడ ఇవ్వడానికేమీ లేదు.

రెండూ ఒక్క గుండుతో సరిపెడదామంటే అన్న ఒప్పుకోలేదు. “ఒకదాంట్లో రెండు పెట్టి ఇంగా బుద్ధి రాలేదా?” అన్నాడు. ఒకసారి గీయించి, దువ్వెన నిలిచేదాకా పెంచి, మళ్లీ గీయించాను.

అందుకే అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: కంప్యూటరు ముందు ఎంత ఆపదొచ్చినా సరే, ఇకమీద దేవుణ్ని కళ్లు తెరుచుకునే తలుచుకుంటాను.