పచ్చళ్ళ వ్యాపారంలో ఇద్దరు

పచ్చళ్ళ ఆదిలక్ష్మి అంటే తెనాలిలో తెలియనివాళ్ళు తక్కువ. సీసా మీద ఆమె బొమ్మ ఉంటుంది. నుదుట కాసంత బొట్టు, చేతిలో జాడీ. ఆ సీసాలో ఉన్న పచ్చడితో ఆమెకు మూడేళ్ళుగా ఏ సంబంధమూ లేదని మాత్రం కొద్దిమందికే తెలుసు. అసలు మొదటినుంచీ ఆ రుచి ఆమె చేతిది కాదని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

ఆ చెయ్యి ఇమాం బీది.

పద్నాలుగేళ్ళ కిందట ఇద్దరూ గంగానమ్మపేటలో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవారు. ఆదిలక్ష్మి భర్త నాగేశ్వరయ్య రైసుమిల్లులో గుమస్తా. ఇమాం బీ భర్త హనీఫ్ దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చి హనీఫ్ మిషన్ మూలపడింది. అదే ఏడు మిల్లువాళ్ళు నాగేశ్వరయ్య జీతం సగానికి కోసేశారు. ఏంచెయ్యాలో తోచక ఇద్దరాడవాళ్ళూ ఒక రోలు, రెండు జాడీలు పెట్టుకుని పచ్చళ్ళు మొదలుపెట్టారు.

ఇమాం బీ పండుమిరపకాయల్ని ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమ తీసేది. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని వేసేదే తప్ప తూచడం ఎరగదు. ఎప్పుడు వేసినా సరిపోయేది. ఆదిలక్ష్మికి మాట్లాడటం వచ్చు. బాపట్ల బస్సెక్కి, కాలేజీ హాస్టళ్ళన్నీ తిరిగి, వార్డెన్లకు అరచేతిలో రుచి చూపించి ఆర్డర్లు తెచ్చేది. వచ్చినదాంట్లో చెరిసగం. రెండేళ్ళు తిరిగేసరికి రెండిళ్ళలోనూ అప్పు మాట లేకుండా పోయింది.

అప్పుడు ఆదిలక్ష్మి అక్క కొడుకు కోటిబాబు వచ్చాడు. "పిన్నీ, ఈ రోలు పట్టుకుని ఎన్నాళ్ళు? లోన్ తీసుకో. షెడ్డు వేద్దాం. కాకపోతే పేరు ఒక్కరిదే ఉంటే పని తొందరగా అవుద్ది," అన్నాడు.

ఆ మాట ఇమాం బీకి చెబితే, "రాయించుకో అక్కా. నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి," అంది.

బ్యాంకుకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. నాలుగేళ్ళ కూతురు సానియాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇమాం బీ మేనేజరు గది బయట బల్ల మీద కూర్చుంది. లోపల మేనేజరు కాగితాలు తిరగేస్తూ అడిగాడు: "భాగస్వాములు ఎవరైనా ఉన్నారా అమ్మా? ఉంటే ఇద్దరి పేర్లూ రాయొచ్చు. ఇబ్బందేం లేదు."

ఇబ్బందేం లేదని ఆయనే చెప్పాడు. అవునండి అంటే సరిపోయేది. ఆదిలక్ష్మి ఒక్క క్షణం తలుపు వైపు చూసి, "ఎవరూ లేరండి," అంది.

ఎందుకన్నదో ఆమెకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ రోజు ఇంట్లో తిండికి లోటు లేదు. ఇమాం బీ మీద కోపం అసలే లేదు. మొత్తం నాదే అయితే ఎలా ఉంటుందో అన్న ఊహ ఒక్కటి నాలుక మీద తియ్యగా కదిలింది, అంతే.

నందివెలుగు రోడ్డులో షెడ్డు లేచింది. రుబ్బే మిషన్లు వచ్చాయి. ఇమాం బీకి చెరిసగం పోయి నెలజీతం వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఆదిలక్ష్మి కూడా దాని గురించి ఆలోచించడం మానేసింది. ఇల్లు కట్టింది, కారు కొంది, బాపట్లలో స్థలం కొంది. ఏది కావాలనుకుందో అది చేతికొచ్చిన మర్నాటికే చిన్నదైపోయేది. "మనకెంత చాలో నువ్వెప్పుడూ చెప్పవేంటి?" అని నాగేశ్వరయ్య అడిగితే, "మీరు గుమస్తాగానే ఉండిపోయింది అందుకే," అని నలుగురి ముందూ నవ్వింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నువ్వుల నూనె ధర పెరిగిన ఏడాది కోటిబాబు చౌక నూనె డబ్బాలు దింపించాడు. వాటితోపాటు ఎర్రరంగు పొట్లాలు కూడా. ఇమాం బీ ఒక డబ్బా మూత తీసి వాసన చూసి, ఆఫీసు గదిలోకి వచ్చింది.

"ఈ పచ్చడి నేను సానియాకి పెట్టలేనక్కా."

"నీ కూతురికి పెట్టమని ఎవరన్నారు? అమ్మడానికేగా."

"కొనేవాళ్ళకీ పిల్లలుంటారు కదక్కా."

"నచ్చకపోతే మానెయ్. బయట జీతానికి చాలామంది ఉన్నారు."

ఇమాం బీ చేతులు కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకి కుటుంబమంతా రేపల్లె వెళ్ళిపోయారని విన్నప్పుడు ఆదిలక్ష్మికి ఎక్కడో కలుక్కుమంది. పని ఒత్తిడిలో అదీ సర్దుకుంది.

తర్వాత ఒక పెద్ద కంపెనీ ఈ వ్యాపారం కొంటామని వచ్చింది. వాళ్ళు చెప్పిన అంకె విని కోటిబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆదిలక్ష్మి సంతకం పెట్టింది. వ్యాపారంతోపాటు ఆమె పేరు, బొమ్మ కూడా వాళ్ళవయ్యాయి. ఐదేళ్ళపాటు ఆమె ఎక్కడా, ఎవరితోనూ కలిసి పచ్చళ్ళ వ్యాపారం చెయ్యకూడదు. డబ్బు వచ్చింది. పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటు లేకపోయింది. ఒకరోజు కొట్లో తన బొమ్మ ఉన్న సీసా కొని తెచ్చి, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద దిగలేదు. నాగేశ్వరయ్య ఆమె కంచం ముందు మజ్జిగ గ్లాసు పెట్టాడు.

ఆ మర్నాడే రేపల్లె వెళ్ళింది. కారు వీధి చివరే ఆపించి నడిచింది. ఇమాం బీ ఇంటి వెనక రేకుల పాకలో ఏడుగురు ఆడవాళ్ళు కూర్చుని గోంగూర వలుస్తున్నారు. సానియా ఫోన్‌లో ఎవరికో ఆర్డరు రాసుకుంటోంది. ఇమాం బీ జుట్టు నెరిసింది. చూసి గబగబా లేచింది.

"రా అక్కా. ఎండన పడొచ్చావేంటి? సానియా, పెద్దమ్మకి మంచినీళ్ళు తే."

ముందుగదిలో కూర్చున్నాక ఆదిలక్ష్మి దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పేసింది. "ఆ రోజు బ్యాంకులో నీ పేరు రాయొచ్చని ఆయన అన్నాడు. నేనే లేరని చెప్పాను."

"తెలుసక్కా. తలుపు తీసే ఉందిగా. వినిపించింది."

ఆదిలక్ష్మి బిత్తరపోయింది. "మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"నువ్వే చెబుతావనుకున్నా. ఇవాళ కాకపోతే రేపు చెబుతావనుకున్నా." ఇమాం బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత అనుకోవడం మానేశాను."

ఆదిలక్ష్మి సంచిలోంచి చెక్కు తీసింది. ఇమాం బీ దాన్ని ముట్టుకోలేదు. "ఇక్కడికొచ్చిన కొత్తలో ఇల్లు గడవక ఏడ్చాం. ఇప్పుడు గడుస్తోంది. లోపల పెట్టెయ్ అక్కా."

"పోనీ నన్ను పనిలో పెట్టుకో. జీతం వద్దు. తొడిమలు తీస్తాను."

"ఇది నా ఒక్కదానిదైతే ఈ క్షణమే పీట వేసేదాన్ని. మా ఏడుగురిదీ. వాళ్ళనడగాలి," అని ఇమాం బీ పాకలోకి వెళ్ళింది.

మాటలు గోడ దాటి వినిపిస్తూనే ఉన్నాయి. కంపెనీ వాళ్ళకి తెలిస్తే కేసులు పెడతారని ఒకావిడ భయపడింది. అందరికంటే పెద్దదైన వసుంధర మాత్రం గొంతు తగ్గించలేదు. "ఆవిడొస్తే రేపటికి ఇదీ ఆవిడదే అవుద్ది. నాకిష్టం లేదు."

ఇమాం బీ వెనక్కి వచ్చేసరికి ఆదిలక్ష్మి చెప్పులు వేసుకుంటోంది. "అన్నం తిని వెళ్ళక్కా," అని ఇమాం బీ చెయ్యి పట్టుకుంది. ఆదిలక్ష్మి చెప్పులు విడిచి తిన్నది. చాలా ఏళ్ళ తర్వాత కడుపు నిండా తిన్నది.

ఇప్పటికీ నెలకోసారి రేపల్లె వెళ్తుంది. ముందుగదిలో గంటసేపు కూర్చుని, సానియా చదువు సంగతులు అడిగి, ఇమాం బీ మోకాళ్ళ నొప్పుల గురించి విని వస్తుంది. వెనక పాకలో రోకళ్ళ చప్పుడు వినిపిస్తుంటే లేచి అటు వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళదు.