మూసుకుపోయిన గుహ

యావ్ నోయి దీవిలో పీతలు పట్టే ఒసేన్ కూతురు రొకీయా. ఇద్దరు పిల్లల తల్లయ్యాక, ముప్పై నాలుగో ఏట మా దగ్గరికి వచ్చి, గాలి నింపిన తెడ్డు పడవ, కయాక్, నడుపుతానంది. ఫాంగ్‌ఙా సముద్రగుహల్లోకి యాత్రికులను తీసుకెళ్లే ఆ పని అప్పటిదాకా మా మగవాళ్లదే.

"తెడ్డు వేయడమంటే గరిటె తిప్పడం కాదు చెల్లీ," అన్నాను.

"నీ వంట తిన్నాంగా దోల్లా అన్నా. నీకు రెండూ రావు!"

మావాళ్లంతా గొల్లుమన్నారు.

నవంబరు పౌర్ణమినాడు చియాంగ్‌మై నుంచి వచ్చిన ఒక టీచరమ్మను నేను, ఆమె భర్తను రొకీయా ఎక్కించుకుని గుహ దాటాం. లోపల చుట్టూ నిలువు కొండలు, నడుమ మడుగు, పైన ఆకాశం; బయటికి ఆ గుహ ఒక్కటే దారి. టీచరమ్మకు కోతులను చూపిస్తున్నాను.

"అన్నా, పోదాం పద. గుహ పైకప్పుకి అంటుకున్న ఆల్చిప్పలు తడుస్తున్నాయి."

"ఇంకా అరగంటుంది. పోటు వేళల కాగితంలో ఉంది."

"సముద్రం నీ కాగితం చదివిందా?"

నేను వినలేదు. గుహ దగ్గరికి వచ్చేసరికి నీటికీ కప్పుకీ మధ్య జానెడు సందే మిగిలింది. సిగ్గేసింది. టీచరమ్మను రొకీయా పడవలోకి ఎక్కించి, నా పడవలో గాలి సగం తీసి, వెల్లకిలా పడుకుని గుహలోకి దూరాను. దారి ఉందో లేదో చూద్దామని.

ఒక్క అల పడవను పైకి లేపింది. ఆల్చిప్పలు నా భుజాన్ని చీరేశాయి. పడవ ఇరుక్కుపోయింది. ఊపిరి ఆడక తన్నుకుంటుంటే ఎవరో కాలు పట్టి వెనక్కి లాగారు. నీళ్లలోకి దూకి వచ్చింది రొకీయానే.

నా తువ్వాలుతో భుజానికి కట్టు కట్టింది. పడవలను మడచెట్ల వేళ్లకు కట్టేసి, తెచ్చుకున్న అన్నం పొట్లం నలుగురికీ పంచింది.

"నీళ్లిలా పెరిగితే మునిగిపోమూ?" అని అడిగింది టీచరమ్మ.

"లేదమ్మా. గోడ మీద ఆ నల్లచార చూశారా? పోటు దాన్ని దాటి రాదు. మా నాన్న తుపానొస్తే ఇలాంటి మడుగులోనే దాక్కునేవాడు. చేతిలో పీతలుంటే కాల్చుకుని తినేవాడు కూడా."

టీచరమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. మధ్యాహ్నం రెండున్నరకు పోటు దిగి గుహ తెరుచుకుంది. బయట మా కోసం ఆగిన పెద్ద పడవ మీద ఏమైందని అందరూ అడిగారు. తప్పు నాదేనని నేనే చెప్పాను.

"రేపటి నుంచి నేను ముందు వెళ్తాను, నువ్వు వెనక రా," అంది రొకీయా.

పదకొండేళ్లుగా అలాగే వెళ్తున్నాను. ఇప్పుడు మా దీవి ఆడపిల్లలు నలుగురు ఆమె దగ్గరే పని నేర్చుకుని గుహల్లోకి వెళ్తున్నారు. వాళ్లలో చిన్నది నా కూతురు.