నాలుగు గేర్లూ వెనక్కే

ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వని మా నాన్నని తీసుకెళ్లి ఎండు చేపల మధ్యలో కూర్చోబెట్టిన ఘనత నాది. అదీ పూజ చేయించి మరీ, పట్టుపంచె కట్టించి మరీ. నవ్వకండి. ముందు టీ తాగండి, మొదట్నించీ చెప్తాను.

మీకు తెలుసు కదా, మాది విజయనగరంలో కిరాణా కొట్టు. తాత పెట్టింది, నాన్న పెంచింది, నేను తప్పించుకు తిరుగుతున్నది. గల్లాపెట్టె వెనక కూర్చుంటే నాకు ఊపిరాడదు. పొద్దున్న కందిపప్పు, మధ్యాహ్నం కందిపప్పు, సాయంత్రం అదే కందిపప్పు ధర ఎందుకు పెరిగిందో వచ్చినవాళ్లందరికీ చెప్పుకోవడం. అందుకే భోగాపురంలో ఎయిర్‌పోర్ట్ వస్తుందని ఊళ్లో అనుకోవడం మొదలవగానే నాకో ఆలోచన తట్టింది. ఎయిర్‌పోర్ట్ వస్తే జనం వస్తారు. జనం వస్తే బీచ్‌కి పోతారు. బీచ్‌లో ఇసకలో తిరగడానికి ఏముంది? ఏమీ లేదు. కాబట్టి ఏటీవీ.

ఏటీవీ అంటే నాలుగు లావుపాటి టైర్లు, మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్, ఇసకైనా బురదైనా లెక్కచెయ్యకుండా పోయే బండి. వైజాగ్‌లో ఎవరో రిసార్ట్ మూసేస్తుంటే మా బావ, అంటే మా అక్క మొగుడు, సెకండ్ హ్యాండ్‌లో పట్టాడు. టూ స్ట్రోక్ ఇంజన్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పొయ్యాలి, కిక్ కొట్టాలి, స్టార్టయిందంటే వీధంతా దోమల మందు కొట్టినట్టు పొగ. నాకు మాత్రం ఆ పొగ అగరొత్తుల వాసనలా ఉండేది.

నాన్న బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కందుల బస్తా నాణ్యం చూసినట్టు సీటు మీద రెండు దెబ్బలు వేశాడు.

"ఇది వెనక్కెలా ఎళ్తాదిరా?"

"వెనక్కెళ్లదు నాన్నా. దీనికి రివర్స్ గేర్ లేదు. నాలుగు గేర్లూ ముందుకే."

"వెనక్కెళ్లని బండేటిరా? తప్పు దారిలోకెళ్తే తిరిగి రావొద్దా?"

వారం రోజులు బతిమాలితే చివరికి ఒక ఒప్పందానికొచ్చాడు. పూజ రోజు బండి ఆయనే నడుపుతాడు. భోగాపురం దగ్గర బీచ్ ఒడ్డునున్న గుడి దగ్గర్నించి ఆ పల్లె చివర మేం అద్దెకు తీసుకున్న షెడ్డు దాకా ఏ గొడవా లేకుండా చేరితే నేను నా బీచ్ వ్యాపారం చేసుకోవచ్చు. గొడవైతే మాత్రం సోమవారం నుంచి నోరెత్తకుండా గల్లా దగ్గర కూర్చోవాలి. "ముప్పై ఏళ్లు స్కూటర్ తోలినోణ్ణి. బండి మంచిదో కాదో నాకు తెల్దేటి?" అన్నాడు. ఆయన స్కూటర్ తోలడంలో నాకు అనుమానం లేదు. అందుకే ధైర్యంగా ఒప్పుకున్నాను.

బండి బాగానే ఉంది. బాగున్నదాన్ని బాగుండనిస్తే నేనెందుకవుతాను? పూజకి ముందు రోజు, ఇంకొంచెం పికప్ ఉంటే బాగుణ్ణనిపించింది. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని పానాలు ముందేసుకుని కూర్చున్నాను. ప్లగ్ విప్పి పేరుకున్న మసి గోకాను. కార్బ్యురేటర్ విప్పి జెట్ ఊదాను. ఎయిర్ ఫిల్టర్ కడిగి ఎండలో పెట్టాను. ఇంతవరకూ చేసినవన్నీ మంచి పనులే, ఇక్కడ ఆగితే సరిపోయేది. నాన్న బెదరకూడదని ఐడ్లింగ్ తగ్గించేశాను, ఇంజన్ నడుస్తోందో పడుకుందో తెలీనంత మెల్లగా. ఆ తర్వాత టైమింగ్ ప్లేట్ స్క్రూలు వదులు చేశాను. ప్లగ్‌లో నిప్పు ఏ క్షణాన పడాలో తేల్చేది ఆ ప్లేటే. అది కొంచెం తిప్పితే పికప్ వస్తుందన్నాడు వీడియోలో. ఎంత తిప్పాలో చెప్పబోతుంటే అక్క అన్నానికి పిలిచింది. నేను అందాజాగా తిప్పి బిగించేశాను.

"ఒరే సూరిగా, ముందు ఎక్కడుండేదో గుర్తెట్టుకున్నావేటి?" అన్నాడు పక్కనే కూర్చుని పల్లీలు తింటున్న బావ.

"గుర్తెందుకు బావా? మళ్లీ పాత చోటికి తిప్పే పనేముంది?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బండిని తెచ్చి గుడి ముందు దించాం. ఆటో వెళ్లిపోయింది. పంతులుగారు బండికి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, హ్యాండిల్‌కి బంతిపూల దండ వేశారు. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. నేను ఒక్క కిక్కుకే స్టార్ట్ చేసి, గర్వంగా దిగి, నాన్నని ఎక్కించాను. పట్టుపంచె, కండువా, నుదుట బొట్టు. మా నాన్న పెళ్లికొడుకులా ఉన్నాడు.

ఐడ్లింగ్ తగ్గించాను కదా. పంతులుగారు మంత్రం చదువుతుంటే ఇంజన్ గుక్కు గుక్కుమంటూ ఆరిపోబోయింది. ఒక్క దగ్గు దగ్గింది. బండంతా ఉలిక్కిపడింది. మళ్లీ అందుకుంది. శబ్దం ఏదో మారిందనిపించింది నాకు. అనిపించిందని పైకి అనలేదు.

"కానివ్వండి బాబూ, నిమ్మకాయలు తొక్కించండి," అన్నారు పంతులుగారు.

నాన్న అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ వదిలాడు. బండి వెనక్కెళ్లింది.

నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పంతులుగారు కొబ్బరికాయ పట్టుకుని ఆగిపోయారు. "ముందుకండీ, ముందుకి," అన్నారు. "ముందుకే కదండీ ఏసాను," అన్నాడు నాన్న బ్రేకు తొక్కి. ఫస్ట్ గేర్‌లో ఏదో లోపముందనుకున్నాడో ఏమో, సెకండ్ వేశాడు. ఈసారి ఇంకా జోరుగా వెనక్కెళ్లింది. ఆ కుదుపుకి నాన్న హ్యాండిల్ మీదికి బోర్లా పడ్డాడు. ఈ బండికి యాక్సిలరేటర్ బొటనవేలితో నొక్కాలి. బోర్లా పడ్డ మనిషి వేలు ఎక్కడుంటుంది? నొక్కే ఉంది.

"ఒరే, దీనికి రివర్స్ లేదన్నావు కదరా," అంటూనే నాన్న మాకు దూరమైపోతున్నాడు. ఆయన మొహం మావైపే ఉంది, మమ్మల్నే చూస్తున్నాడు, చిన్నగా అయిపోతున్నాడు. బావ వెంట పరిగెత్తాడు. బావ వెనక నేను. నా వెనక పంతులుగారు, కొబ్బరికాయతో సహా.

గుడి వెనక దిబ్బ దిగితే చేపలమ్మే పోలమ్మ మెత్తళ్లు, అంటే వేలెడంత చేపలు, ఎండబెడుతుంది. బండి ఆ పల్లంలోకి దిగి, వలల గుట్టకి తగిలి ఆగి, ఆరిపోయింది. నాన్న మాత్రం ఇంకొంచెం వెళ్లి మెత్తళ్ల మధ్యలో కూర్చున్నాడు. దెబ్బ ఒక్కటి తగల్లేదు. పట్టుపంచె నిండా చేపలు.

పోలమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఏటి బాబూ, పట్టుపంచి కట్టుకొచ్చి నా మెత్తళ్ల మీద కూకున్నావు? కూకోడానికి ఇంకెక్కడా సోటు దొరకనేదా?"

నాన్న నోరు తెరవలేదు. తెరిస్తే వాసన లోపలికెళ్తుందని భయం. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, నలిగిన చేపలన్నీ బుట్టలోకెత్తమని చేత్తో సైగ చేశాడు. జన్మలో మొదటిసారి బేరం ఆడకుండా ఒక సరుకు కొన్నాడు.

నేను మళ్లీ కిక్ కొట్టాను. కిక్కు నా కాలిని వెనక్కి తన్నింది. స్టార్టయింది, గేరేస్తే వెనక్కే. ఆపి మళ్లీ కొట్టాను, మళ్లీ వెనక్కే. తర్వాత మెకానిక్ చెప్తే తెలిసింది. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఎటు తిరగాలన్న పట్టింపు లేదట. నిప్పు మరీ ముందుగా పడితే అది ఎదురు తన్ని, ఉల్టా తిరగడం మొదలుపెడుతుందట. ఇంజన్ అటు తిరిగితే గేర్లన్నీ రివర్స్ గేర్లే. అంటే నేను పికప్ పెంచలేదు, ఉన్న నాలుగు గేర్లనీ అటు తిప్పాను.

పానాలు ఇంట్లో ఉన్నాయి. ఆటో లేదు. ఇసకలో తొయ్యబోతే అంగుళం కదల్లేదు. సోమవారం నా కళ్ల ముందు కనపడుతోంది, కందిపప్పుతో సహా. చివరి ఆశగా అన్నాను, "నాన్నా, షెడ్డు దాకా చేరాలన్నావు గానీ, మొహం ఎటుండాలో చెప్పలేదు కదా."

నాన్న నన్ను ఎంతసేపు చూశాడంటే పోలమ్మకే జాలేసింది. తర్వాత బండి వెనక క్యారియర్ మీద అటు తిరిగి కూర్చుని, చేపల బుట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. "తోలు. నేను దారి సెప్తాను."

అలా బయల్దేరాం. ఆయన వీపు నా వీపుకి ఆనుకుని ఉంది. ఆయనకి దారి కనపడుతుంది, హ్యాండిల్ నా చేతిలో ఉంది.

"కుడికి తిప్పరా."

"నీ కుడా, నా కుడా?"

"ఎర్రోడా, గోడ లేని వైపు తిప్పు."

చేపల వాసనకి ఊరి కుక్కలన్నీ వెంటపడ్డాయి. వెంటపడ్డాయంటే, నా ఎదురుగా. నా మొహంలోకి సూటిగా చూస్తూ పరిగెడుతున్నాయి. వాటి వెనక పిల్లలు. పిల్లల వెనక ఫోన్‌లో వీడియో తీస్తూ బావ. వీధిలో ఆడవాళ్లు బిందెలు దించి చూస్తున్నారు. నాకు తల దించుకోవాలనిపించింది గానీ, దించితే కుక్కలకి ఇంకా దగ్గరవుతాను.

సగం దూరం వచ్చేసరికి వెనక నుంచి ఏదో శబ్దం. నాన్న ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆయన కొట్లో కస్టమర్‌తో నవ్వడం చూశానుగానీ, ఇలా ఒళ్లు ఊగిపోయేలా నవ్వడం నాకు తెలిసి ఇదే మొదలు.

"థర్డ్ ఎయ్యిరా."

"వద్దు నాన్నా."

"నాలుగు గేర్లన్నావు. ఎవరికోసం దాసుకుంటన్నావు?"

థర్డ్ వేశాను. ఆయన కండువా తీసి గాల్లో ఊపాడు. పిల్లలు కేకలు. అలాగే షెడ్డులోకి తిన్నగా, గీత కూడా పడకుండా, వెనక నుంచి దూరాం.

"సేరిపోయాం కదా నాన్నా," అన్నాను ఆశగా. నేను కూడా ఆ భాషలోకి దిగిపోయాను.

నాన్న దిగి పంచె దులుపుకున్నాడు. ఒక మెత్తళ్ల చేప రాలింది. దాన్ని చూపించి, "ఇది గొడవ కాదేటి?" అన్నాడు.

సోమవారం నుంచి గల్లా దగ్గర నేనే. మెకానిక్ ప్లేట్ సరిచేశాడు, బండి బుద్ధిగా ముందుకెళ్తోంది. "ఆ బీచ్ యాపారం ఏటో ఒక పూట సూసొస్తాను," అని వెళ్లిన నాన్న రోజూ వెళ్తూనే ఉన్నాడు. బావ దగ్గర లాక్కున్న నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, పిల్లల్ని ఎక్కించుకుని ఇసకలో తిప్పుతున్నాడు. ఇంట్లో అమ్మ కంటే ముందు లేస్తున్నాడు, పెట్రోల్‌లో ఆయిల్ కలపాలట.

ఒక చిక్కొచ్చింది. బావ తీసిన వీడియో జిల్లా అంతా తిరిగింది. బీచ్‌కి వచ్చిన ప్రతివాడూ "ఎనక్కెళ్లే బండి ఏదండీ?" అని అడుగుతున్నాడట. ముందుకెళ్లే బండి ఎవడికీ వద్దట. మొన్న నాన్న కొట్టుకి ఫోన్ చేశాడు. "ఒరే, ఆ రోజు ఏటి తిప్పావో అది మళ్లీ ఓపాలి తిప్పుదూ." నా ప్రాణం లేచొచ్చింది. ఇది చెయ్యగలిగితే నాకు మళ్లీ బీచ్ దొరుకుతుంది.

నిన్న కొట్టుకి సెలవు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ప్లేట్ అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఐడ్లింగ్ తగ్గించాను, వీడియో అన్నం పిలుపు దగ్గరే ఆపి కూడా చూశాను. ఏం చేసినా బండి ముందుకే వెళ్తోంది. అదీ ముందెప్పుడూ లేనంత మంచి పికప్‌తో.

నాన్న పక్కన పీట వేసుకుని అంతా చూశాడు. చీకటి పడబోతుంటే లేచి, నా చేతిలో పానా తీసుకుని, గల్లా తాళాలు పెట్టాడు.

"సెడగొట్టమంటే కూడా సెడగొట్టలేకపోతన్నావు. నువ్వు కొట్లోనే కూకోరా."