తహ్రా పెద్దమ్మ పటిక నీళ్లు

తహ్రా అంటే అరబ్బీలో పరిశుద్ధురాలని అర్థం. మా పెద్దమ్మకు ఆ పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, ఫెస్ నగరం పాతబస్తీలో మా సందంతా ఆ శిక్ష అనుభవిస్తోంది. ఆమె ఇంట్లోకి వెళ్లాలంటే చెప్పులతో పాటు చర్మం కూడా గుమ్మం బయటే విడవాలి. ఊరి ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే హమామ్‌లో నల్లసబ్బు పట్టించి ఒళ్లు రుద్దుకుంటూ, పక్కవాళ్ల వీపుల మీద తీర్పులు చెబుతుంది.

నేను పనిచేసే ల్యాబులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పట్టిచ్చే ప్రొటీన్ల కోసం వెతుకుతున్నాం. దూదిపుల్లతో లోపలి చెమ్మ తీస్తారు. జబ్బు మొదలైతే అందులో కొన్ని ప్రొటీన్లు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. అందుకే పెద్దమ్మను పోరి పోరి పరీక్షకు పంపాను.

ఫలితం అడిగితే మా ల్యాబు ప్రొఫెసర్ గారు ఫోనులో "ఏమీ లేదమ్మా" అన్నారట. ఇంకేం! బాదం ముద్ద కూరిన నెలవంక మిఠాయిలు సందంతా పంచింది. "మిషనే చెప్పింది, నా ఒంట్లో మచ్చుకైనా మురికి లేదని!"

నాకు అనుమానం వచ్చి చూస్తే, ఆ పుల్ల మీద నిజంగానే ఏమీ లేదు. జబ్బువే కాదు, బతికున్న ఏ ఆడదానికైనా ఉండాల్సిన ప్రొటీన్లూ లేవు.

"పరీక్షకి ముందు ఏం చేశావు పెద్దమ్మా?"

"ఏం చేస్తాను? పటిక నీళ్లతో లోపలిదాకా కడుక్కుని, పన్నీరు పోసుకుని వెళ్లా. పరాయి మగాడి ముందు మురికిగా పడుకోమంటావా? నీకు సిగ్గు లేకపోతే నాకూ ఉండొద్దా!"

మండిపోయి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాను. "కడుక్కోకుండా రమ్మని చెప్పలేదా సార్?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆడవాళ్లతో ఆ మాట ఎలా అంటాం?"

వేల ప్రొటీన్ల పేర్లు నోటికొచ్చిన మనిషికి ఈ ఒక్క మాట నోట రాలేదు. బిరుదులు మాత్రం గోడ నిండా వేలాడుతున్నాయి.

పెద్దమ్మతో నేనే చెప్పాను. "ఏమీ లేనిది పుల్ల మీద, నీ ఒంట్లో కాదు. ఆ పుల్లని నమ్మితే నువ్వు ఎప్పుడో పోయావు."

"ముందు నోరు కడుక్కోవే!"

"అమ్మ కూడా సిగ్గుపడే పోయింది."

మర్నాడు పొద్దున పెద్దమ్మ కడుక్కోకుండానే పరీక్షకు బయల్దేరింది, అదీ ఎవరి కంటా పడకుండా చుట్టుదారిలో, ముఖం కప్పుకుని, ఏదో దొంగతనానికి పోతున్నట్టు.

ఈసారి ప్రొటీన్లు కనిపించాయి. ఉండకూడని తేడా కూడా కనిపించింది. చిన్న ముక్క తీసి చూస్తే జబ్బు ఖాయమైంది. ఇంకా మొదట్లోనే ఉంది, చిన్న ఆపరేషన్‌తో పోతుందన్నారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఆ వారం హమామ్‌లో, మిఠాయిలు తిన్నవాళ్లంతా చుట్టూ చేరి, "శుభ్రమన్నావుగా తహ్రా?" అని ఎత్తిపొడిచారు.

పెద్దమ్మ చెంబు నేలకేసి కొట్టింది. "మురికిగానే పోయానే! అందుకే దొరికింది. మీరూ మురికిగానే పోండి!"