క్లారీ నొప్పికి వేసిన అంకె

క్లారీ హాడ్రిల్ ముప్పై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించాడు. వేలు తెగినా, పొట్టేలు డొక్కలో తన్నినా "పర్లేదు" అనేవాడు. ఆస్ట్రేలియాలో ఆ డెనిలిక్విన్ ఊరి చుట్టుపక్కల మగాళ్లంతా ఆ బాపతే. కాలు విరిగినవాడు కాస్త పట్టేసిందంటాడు. నొప్పని నోరు తెరిచాడా, పబ్‌లో ఏడాదిపాటు ఆటపట్టిస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ధైర్యం. మూర్ఖత్వమంటే సరిగ్గా సరిపోతుంది.

క్లోమం చెడి, ఆరేళ్లుగా ఆయన పొట్టలో మొదలైన నొప్పి వీపులోకి పొడుస్తోంది. మాత్రలు, ఆపరేషను ఏవీ పనిచేయలేదు. చివరికి మెల్‌బోర్న్ డాక్టరమ్మ, వెన్నులో సన్నటి తీగలు పెట్టి కొద్దిగా కరెంటు పంపితే నరాలు నెమ్మదిస్తాయంది. ముందు వారం రోజులు ఆ కరెంటు పంపే చిన్న పెట్టెను నడుముకి కట్టి చూస్తారు. గుణం కనిపిస్తేనే ఒంట్లో అమరుస్తారు. కట్టకముందు ఒక వారం, కట్టాక ఒక వారం, రోజూ నొప్పికి పదిలో ఎంతో పుస్తకంలో రాయాలి.

రాసే పని ఆయన భార్య నోలీన్‌ది. మొదటి రోజు ఆయన బాత్రూం నేలమీద ముడుచుకుని పడి ఉండగా అడిగింది.

"నాలుగెయ్యి."

"ఇది నాలుగా?"

"డాక్టరమ్మ ముందు పసిపిల్లాడిలా ఏడవమంటావా? నాలుగే."

నోలీన్ నాలుగే వేసింది. వారమంతా అదే వేసింది.

పెట్టె కట్టాక క్లారీ రెండు మటన్ ముక్కలు తిని అరిగించుకున్నాడు. కుక్కను తీసుకుని ఏటి దాకా నడిచాడు. తిరిగొస్తూ ఈల వేశాడు. ఆ ఈల విని నోలీన్ గిన్నెలు కడుగుతూ ఏడ్చేసింది. ఎంతని అడిగితే మూడన్నాడు. ఆ మూడులో మాత్రం అబద్ధం లేదు.

తీగలు తీసేశాక డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది. నొప్పి సగానికి తగ్గితే తప్ప పెట్టె ఇవ్వరట. నాలుగు మూడయితే తగ్గింది పావువంతే.

"అది నాలుగు కాదమ్మా, తొమ్మిది" అంది నోలీన్.

డాక్టరమ్మ నొచ్చుకుంది. ఇప్పుడు దిద్దితే పైవాళ్లు ఒప్పుకోరని, మళ్లీ మొదటి నుంచి రావాలంటే ఏడాదిన్నర ఆగాలని చెప్పింది. క్లారీ ఆవిడకు థాంక్స్ చెప్పి లేచాడు.

కారు దగ్గరికి చేరేసరికి నొప్పి తిరగబెట్టింది. తలుపు పట్టుకుని వంగిపోయాడు. నోలీన్ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. తీగలు తీసిన చోట కట్టు ఇంకా తడిగా ఉంది.

"నీ తప్పేముందే," అన్నాడు. "నేను చెప్పిందే కదా రాశావు."

"అవునయ్యా. నువ్వు చెప్పింది రాశాను. నేను చూసింది రాయలేదు."