సప్పుడు రావొద్దు

పీహెచ్‌డీ పరిశోధన కోసం నేను ఎంచుకున్నది కృష్ణానగర్‌లో ఒకే ఒక్క వీధి. సినిమాల్లో గుంపులో కనిపించే జూనియర్ ఆర్టిస్టుల్లో ఒంటరిగా బతికే ఆడవాళ్లు కొందరు అక్కడుంటారు. వాళ్ల దగ్గర తీరిగ్గా కూర్చుని, చెప్పినంతసేపూ వినడమే నా పని.

"ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం నేర్చుకో" అన్నారు మా గైడు మేడం. అది నాకు కష్టం కాలేదు. కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో చేరాక మాట్లాడకుండా ఉండటం అలవాటైపోయింది. గదిలో మిగతా ముగ్గురూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లే.

ఆ వీధిలో ఒకామెకు యాభై దాటాయి. నేను అక్కా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. మొదటిసారి అన్నీ పొడిపొడి జవాబులే. రెండోసారి రికార్డర్ ఆన్ చేసి, "షూటింగ్ లేని రోజు ఎవరితో మాట్లాడతారక్కా?" అని అడిగాను. ఆమె గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. నేనూ ఊరుకున్నాను.

"హీరో మాట్లాడుతుంటే ఎనక మేం ముచ్చట పెట్టుకున్నట్టు పెదువులు కదపాలె" అంది చివరికి. "సప్పుడు రావొద్దు. అందరు ఉత్తగనే కదుపుతరు. నేను ఒకపారి, పెండ్లి సీన్ల, పక్కన కూసున్నామెకు నా సంగతంతా చెప్పిన. సప్పుడు లేకుంటనే."

"ఆమెకి అర్థమైందా?"

"ఏడ అర్థమైతది? తలూపింది. తలూపమన్నరు గద."

నవ్వేసి, ఆ సంగతి ఈసారి నాకు చెప్పింది. గొంతు విప్పి.

తర్వాత చాలా రోజులు హాస్టల్లో ఆ రికార్డింగ్ వెనక్కి తిప్పి వింటూ టైపు చేశాను. ఆ రోజుల్లో నాకు వినపడిన మనిషి గొంతు దాదాపు అదొక్కటే. టైపు చేసింది తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను.

"పెదువుల ముచ్చట ఉండనీ. గా సంగతి తీసెయ్ బిడ్డా" అంది.

తీసేశాను. ఇక్కడా రాయను. "అధ్యాయానికి ప్రాణం అదే కదమ్మా" అని మేడం కాసేపు బాధపడి, సరే అన్నారు. ఇంటర్వ్యూలు ఇక చాలన్నారు.

కొన్నాళ్లకు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఇరుక్కుని ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"ఏం బిడ్డా, నువ్వడిగే సవాళ్లన్నీ ఒడిసినయా?"

"అయిపోయాయక్కా."

"గట్లనా."

ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. చుట్టూ హారన్లు.

"రానా?" అన్నాను.

"రా. ఇయ్యాల షూటింగ్ లేదు."

పప్పు, అన్నం పెట్టింది. తిన్నాక చాప మీద ఒరిగి నిద్రపోయింది. లేచి వెళ్లబుద్ధి కాలేదు. పక్కనే గోడకానుకుని కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా కళ్లు తెరిచి, "ఇంకా ఉన్నవా?" అంది.

ఉన్నానన్నాను. లేచి చాయ్ పెట్టింది.